చెయ్యి తెగితే మొదటి గంట, ఊపిరి తగ్గితే మొదటి కాగితం: హైదరాబాద్ కట్టె పనివాళ్లకు సమగ్ర మార్గదర్శి

ముషీరాబాద్, బోయిగూడ వైపు టింబర్ డిపోల్లో దుంగలు దించే హమాలీ దగ్గర నుంచి, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో వంటింటి అరలు బిగించే వడ్రంగి దాకా, ఈ నగరంలో కట్టెను నమ్ముకుని బతికేవాళ్లు ఎందరో. సామిల్లులో కోత, దర్వాజాల కార్ఖానా, సోఫా ఫ్రేముల షెడ్డు, పాలిష్ పని ఏదైనా ఆపద రెండు తీర్లుగా వస్తుంది. రంపం కోస్తే ఆ క్షణంలోనే తెలుస్తుంది. నెత్తురు కనిపిస్తుంది, నలుగురు చూస్తారు, ఆస్పత్రిలో కాగితం పుడుతుంది. పొట్టు, చప్పుడు, పాలిష్ వాసన చేసే హాని అలా కాదు. అది ఏళ్లు గడిచాక బయటపడుతుంది. అప్పటికి యజమాని మారి ఉంటాడు, షెడ్డు ఉన్న చోట అపార్ట్‌మెంటు లేచి ఉంటుంది, సాక్షి ఒక్కడూ దొరకడు. గాయానికి వైద్యం ఎంత అవసరమో, జబ్బుకు ముందుగా ఆధారం కూడబెట్టుకోవడం అంత అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

పనివాళ్లు, మేస్త్రులు, చిన్న కార్ఖానాల యజమానులు, ముగ్గురినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆపదలో ఉండి చదివేవాళ్లు ఉండొచ్చు కనుక తెగిన వేలితోనే మొదలుపెడతాను.

1. వేలు తెగిన మొదటి గంట

ముందు మెయిన్ స్విచ్ ఆపండి. గాయపడినవాడి దగ్గరకు పరుగెత్తే కంగారులో, ఇంకా తిరుగుతున్న బ్లేడు మీద మరొకరు చెయ్యి పెట్టిన సందర్భాలున్నాయి.

శుభ్రమైన గుడ్డను మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమిపట్టండి. చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉండాలి. నెత్తురు ఆగిందా అని మాటిమాటికీ ఎత్తి చూడకండి, కనీసం పది నిమిషాలు అలాగే పట్టి ఉంచండి. గుడ్డ తడిసిపోతే దాన్ని తీయకుండా పైన ఇంకొకటి వేయండి. పసుపు, కాఫీపొడి, సున్నం, చివరికి రంపపు పొట్టు కూడా గాయంలో కూరేవాళ్లున్నారు. వాటన్నిటినీ కడిగి తీయడానికే సర్జన్‌కు సగం సమయం పోతుంది. చీము పట్టే ముప్పు పెరుగుతుంది. తాడుతో బిగించి కట్టడం మాత్రం వేలికి ఎప్పుడూ అక్కర్లేదు. మణికట్టు పైన తెగి, ఎంత అదిమినా నెత్తురు చిమ్ముతుంటేనే వెడల్పాటి గుడ్డతో కట్టాలి, కట్టిన సమయం రాసిపెట్టాలి.

ఇక తెగిపడిన వేలు. పొట్టులో పడి ఉంటే శుభ్రమైన నీళ్లు మెల్లగా పోసి కడగండి, రుద్దకండి. పల్చటి శుభ్రమైన గుడ్డను తడిపి, పిండి, అందులో చుట్టండి. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి నీళ్లు చొరకుండా మూతి బిగించండి. ఆ కవరును ఐసు ముక్కలు వేసిన నీళ్లున్న ఇంకో కవరులో పెట్టండి. ఐసు నేరుగా తగిలితే వేలు గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది, నీళ్లలో నేరుగా వేసినా ఉబ్బి పాడవుతుంది. చాలాచోట్ల జరిగే పొరపాటు ఈ రెండే. ఐసు ఎక్కడ దొరుకుతుందని వెతుక్కోనక్కర్లేదు, చెరకు రసం బండి దగ్గరో చేపల దుకాణంలోనో అడిగితే ఇస్తారు.

ఇలా చల్లగా ఉంచిన వేలిని 12 గంటలు దాటాక కూడా అతికించగలిగిన సందర్భాలున్నాయి. మామూలు వేడిలో వదిలేస్తే ఆ గడువు సగానికి పడిపోతుంది. అరచెయ్యో ముంజేయో తెగితే అందులో కండ ఉంటుంది కనుక ఇంకా తొందరపడాలి. అయితే ప్రతి వేలూ అతకదు. బ్యాండ్‌సా (పట్టీ రంపం) కోసిన వేలికి అవకాశం ఉంటుంది. రందా మిషన్ వేలిని తెగ్గొట్టదు, తురిమేస్తుంది. అక్కడ అతికించడానికి మిగిలేది తక్కువ. ఆ నిర్ణయం డాక్టరుదే, మీరు మాత్రం దొరికిన ముక్కనల్లా తీసుకెళ్లండి.

108కు ఫోన్ చేయండి. వెళ్లే ఆస్పత్రికి కూడా ముందే ఫోన్ చేసి, వేలు అతికించే మైక్రో సర్జరీ ఈ గంటలో చేయగలరా అని సూటిగా అడగండి. దగ్గరి నర్సింగ్‌హోమ్‌లో కుట్లు వేయించి, అక్కడి నుంచి ఇంకోచోటికి, మళ్లీ ఇంకోచోటికి తిరిగితే పోయేది సమయమే. ఉస్మానియా, నిమ్స్ ఆస్పత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉన్నవాళ్లకు సనత్‌నగర్ ఆస్పత్రి ఉంది. ఏ ఆస్పత్రికి వెళ్లాలో ప్రమాదం జరిగాక కాదు, ఈ రోజే తేల్చుకుని నంబరు స్విచ్‌బోర్డు పక్కన గోడ మీద పెయింటుతో రాయించండి. దారిలో గాయపడినవాడికి టీ, నీళ్లు తాగించకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. ధనుర్వాతం టీకా సంగతి ఆస్పత్రిలో అడగడం మరవకండి.

కంటికి దెబ్బ తగిలితే తీరు వేరు. చెక్కపేడు గుచ్చుకుని ఉంటే లాగకండి, నలపకండి, అదమకండి. కన్ను మీద ఒత్తిడి పడకుండా కాగితపు కప్పు బోర్లించి టేపు వేసి తీసుకెళ్లండి. ఉత్త నలకే అయితే ధారాళంగా నీళ్లతో కడిగితే సరి. కానీ రెండు మూడు రోజుల తర్వాత ఎర్రబడి, నొప్పి, మసక మొదలైతే అది తేలికైన విషయం కాదు. కట్టె, ఆకు, పొట్టు వంటివాటి గీత ద్వారా నల్లగుడ్డు మీద బూజు జాతి ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది. ఆ దశలో మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల బూజు రెచ్చిపోతుంది. చూపు అలా పోగొట్టుకోకండి. మెహదీపట్నంలో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉన్నాయి. వెళ్లినప్పుడు "కట్టె తగిలింది" అనే మాట తప్పకుండా చెప్పండి.

చేతిలో విరిగిన చెక్కపేడుకూ ఒక చిక్కుంది. ఇనుప ముక్క ఎక్స్‌రేలో కనిపిస్తుంది, కట్టె ముక్క చాలాసార్లు కనిపించదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా నొప్పి, వాపు తగ్గకపోతే అల్ట్రాసౌండ్ చేయించమని అడగండి.

2. ఆస్పత్రి కాగితంలో ఏమి రాశారో చదవండి

గాయపడినవాడి తర్వాతి పదేళ్లను నిర్ణయించేది చాలాసార్లు ఆపరేషన్ కాదు, కేసు షీటులో ఒక వాక్యం. "బండి మీద నుంచి పడ్డాడని రాయించు, ఖర్చంతా నేను చూసుకుంటాను" అని యజమాని చెవిలో చెబుతాడు. ఆ పూట బిల్లు కడతాడు కూడా. మూడు నెలల తర్వాత ఫోను ఎత్తడు. బండి ప్రమాదమని రాసి ఉన్న కాగితంతో కార్మిక శాఖ దగ్గరకు వెళ్తే మొదటి అడుగులోనే కేసు కుంటుతుంది.

అందుకని ప్రమాదం ఎలా జరిగిందో చెప్పేటప్పుడు తేదీ, వేళ, ఏ షెడ్డులో, ఏ మిషన్ మీద, ఎవరి పని చేస్తుండగా అన్నది చెప్పి రాయించుకోండి. దీన్ని మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు కూడా తెలియజేసే కేసుగా, నమోదు చేయమని అడగండి. గాయపడినవాడు మాట్లాడే స్థితిలో లేకపోతే వెంట వెళ్లిన తోటి పనివాడే ఆ మాట చెప్పాలి. ఇది యజమాని మీద కక్ష కాదు. బీమా ఉన్న యజమానికి కూడా ఈ కాగితమే దిక్కు, నిజం రాయకపోతే బీమా కంపెనీ చెయ్యి ఎత్తేస్తుంది.

అదే రోజు షెడ్డులో మిగిలినవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది. మిషన్‌ను కడిగి సర్దేయక ముందే ఫోనుతో నాలుగు ఫోటోలు తీయండి. బ్లేడు, దాని మీద కవచం ఉందో లేదో, స్విచ్, నేల కనిపించాలి. ఎవరెవరు చూశారో పేర్లు, ఫోను నంబర్లు రాసుకోండి. ఒక వారంలోగా యజమానికి లిఖితపూర్వకంగా ప్రమాదం గురించి తెలియజేయండి. వాట్సాప్‌లో పంపినా దాచిపెట్టండి, రిజిస్టర్డ్ పోస్టు మరీ మంచిది.

3. డబ్బు ఎక్కడి నుంచి రావాలి

మొదటి ప్రశ్న: ఈఎస్ఐ ఉందా? పదిమంది, అంతకు మించి పనిచేసే చోట, నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ ఉండాలి. పనివాడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. మామూలు జబ్బుకు సెలవు డబ్బులు రావాలంటే కొన్నాళ్లు చందా కట్టి ఉండాలి. పని ప్రమాదానికి ఆ షరతు లేదు, ఉద్యోగంలో చేరిన మొదటి రోజే చెయ్యి తెగినా వర్తిస్తుంది. కోలుకునేదాకా వేతనంలో 90 శాతం లెక్కన ఇస్తారు. శాశ్వత నష్టం మిగిలితే మెడికల్ బోర్డు తేల్చిన శాతాన్ని బట్టి జీవితాంతం నెలనెలా వస్తుంది. యజమాని ప్రమాద నివేదికను వెంటనే ఈఎస్ఐకి పంపాలి. పంపాడో లేదో కనుక్కుని, నకలు తీసుకోండి.

ఈఎస్ఐ లేకపోతే నష్టపరిహారం బాధ్యత నేరుగా యజమానిదే. మన కట్టె పనివాళ్లలో ఎక్కువమంది పరిస్థితి ఇదే. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ఇన్నాళ్లూ దీనికి ఆధారం. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, లెక్క పద్ధతి దాదాపు అదే. రోజుకూలీ అయినా, అడుగు లెక్కన పీసు పని అయినా, కాంట్రాక్టరు తెచ్చిన మనిషైనా హక్కు ఉంటుంది. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే, తన వ్యాపారంలో భాగంగా పని అప్పగించిన అసలు యజమాని కట్టాలి. ఇల్లు దగ్గర నుంచి పనికి వెళ్లే, వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా కొత్త స్మృతి కొన్ని షరతులతో పని ప్రమాదంగానే చూస్తుంది.

లెక్క ఎలా వేస్తారో ఒక ఉదాహరణతో చూద్దాం. వయసు 30. చూపుడు వేలు మొత్తం పోయింది. చట్టం పట్టికలో చూపుడు వేలికి సంపాదన శక్తి నష్టం 14 శాతం. శాశ్వత అశక్తత లెక్కకు నెల వేతనంలో 60 శాతం తీసుకుంటారు. 2020లో ఆ లెక్కకు ఖరారు చేసిన గరిష్ఠ వేతనం 15,000 రూపాయలు, అంటే 9,000. వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకం ముప్పై ఏళ్లకు 207.98. ఈ రెండూ గుణిస్తే 18,71,820. అందులో 14 శాతం, 2,62,055 రూపాయలు. బొటనవేలు పోతే 30 శాతం, నాలుగు వేళ్లూ పోతే 50 శాతం, రెండో కన్ను బాగుండి ఒక కన్ను చూపు పోతే 30 శాతం. వైద్యానికి అయిన అసలు ఖర్చు వీటికి అదనం. "ఇరవై వేలు తీసుకుని ఊరికి పో" అని సేటు అన్నప్పుడు ఈ అంకె మనసులో ఉండాలి.

పట్టికలోని శాతమే ఆఖరి మాట కాదు. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో, సినిమా హాలులో అలంకరణ పని చేస్తూ పడి, ఎడమ చెయ్యి మోచేతి పైదాకా పోగొట్టుకున్న వడ్రంగి విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఒంటి చేత్తో వడ్రంగి పని సాగదు కనుక అతనికి జరిగింది పూర్తి అశక్తతేనని కోర్టు ఒప్పుకుంది. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని కూడా చెప్పింది. 1975 డిసెంబరులో వెలువడిన ఈ తీర్పును మీ లాయరు ఎత్తకపోతే మీరే గుర్తుచేయండి. నెల దాటినా కట్టని యజమాని మీద 12 శాతం వడ్డీ, ఆపైన సరైన కారణం లేకపోతే సగం దాకా జరిమానా పడతాయి.

యజమానులు తరచుగా చెప్పే వాదన, మిషన్ కవచం పనివాడే తీసేశాడని. పనివాడికి తెలిసేలా కవచం బిగించి ఇచ్చి, వాడు కావాలని తీసేస్తేనే ఆ వాదనకు బలం. అసలు కవచమే ఇవ్వనిచోట నిలబడదు. ప్రాణం పోయినా, పూర్తి శాశ్వత అశక్తత వచ్చినా ఆ వాదన ఎలాగూ చెల్లదు.

దరఖాస్తు కార్మిక శాఖ అధికారికి ఇవ్వాలి. హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరి అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడిగితే మీ ప్రాంతం ఎవరి కిందకు వస్తుందో చెబుతారు. గాయపడి నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో తిరిగి వెళ్లినవాళ్లు సొంత జిల్లాలో కూడా దావా వేసుకోవచ్చు. రెండేళ్లు దాటనివ్వకండి. లాయరుకు డబ్బుల్లేవని ఆగకండి, పారిశ్రామిక కార్మికులకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి.

ఇవి కాక రెండు చిన్న ఆసరాలు. నిర్మాణ స్థలాల్లో వడ్రంగి పని ఏడాదిలో 90 రోజులు చేసినవాళ్లు తెలంగాణ భవన, ఇతర నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా వస్తుంది. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు, ఒక చెయ్యో కన్నో పూర్తిగా పోతే లక్ష. వేళ్లకు మాత్రం ఏమీ రాదు, అది తెలిసి ఉండాలి.

4. మిషన్ దగ్గర ఈ వారమే మార్చాల్సినవి

ఈ నగరంలో ఇంటీరియర్ పని జరిగే ఏ ఫ్లాటుకు వెళ్లినా ఒక దృశ్యం కనిపిస్తుంది. టైల్స్ కోసే నాలుగంగుళాల కట్టర్‌ను ప్లైవుడ్ ముక్క కింద తలకిందులుగా బిగించి, బ్లేడును చీలికలోంచి పైకి లేపి, స్విచ్‌ను టేపుతో చుట్టి ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచి, ఆపాలంటే ప్లగ్గు పీకుతారు. ఇంకొకరు గ్రైండర్‌కు కట్టె బ్లేడు బిగించి, అడ్డంగా ఉందని కవచం విప్పి పక్కన పడేస్తారు. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే నాలుగంగుళాల బ్లేడు అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. చెయ్యి వెనక్కి లాక్కునేంత సమయం ఎవరికీ ఉండదు. నా మాటగా ఒకటే చెబుతాను: గ్రైండర్‌కు కట్టె బ్లేడు పెట్టకండి, ఎంత చిన్న పనికైనా. మిగతావాటిలో రాజీ గురించి మాట్లాడుకోవచ్చు, దీనిలో లేదు.

గుండ్రటి రంపపు బల్ల కొనే స్థోమత ఉంటే, బ్లేడు వెనకాల చీలిక కత్తి ఉన్నదే కొనండి. అది ఎందుకో తెలిస్తే ఎవరూ విప్పరు. కోసిన పలక రెండు ముక్కలూ మళ్లీ దగ్గరకు వచ్చి బ్లేడును నొక్కుతాయి. బ్లేడు వెనక పళ్లు కింద నుంచి పైకి లేస్తూ పలకను ఎత్తి, కోసేవాడి కడుపు వైపు విసురుతాయి. పలక ఎగిరిన ఆ క్షణంలో దాన్ని నెడుతున్న చెయ్యి బ్లేడు మీదకు జారుతుంది. కత్తి ఆ చీలికను తెరిచి ఉంచుతుంది. అది బ్లేడుకు దగ్గరగా, బల్ల మట్టంలో 8 మిల్లీమీటర్లకు మించని ఎడంలో ఉండాలి. పచ్చి కట్టె, మెలితిరిగిన కట్టె ఎక్కువ నొక్కుతాయి కనుక వాటితో మరింత జాగ్రత్త.

చివరి అడుగు కోతకు చెయ్యి వాడకండి, తోపుడు కర్ర వాడండి. పాత టేకు ముక్కకు చివర గాటు పెడితే తోపుడు కర్ర తయారవుతుంది, ఖర్చు లేదు. అది ఎప్పుడూ బల్లకే వేలాడుతూ ఉండాలి, వెతుక్కోవాల్సి వస్తే ఎవరూ వాడరు. కోసేవాడు బ్లేడు గీతకు ఎదురుగా కాక ఓ పక్కన నిలబడాలి.

తిరిగే బ్లేడు దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు. రక్షణ అనుకుని చాలామంది వేసుకుంటారు, దారం చిక్కుకుంటే తొడుగు చెయ్యిని లోపలికి లాగేస్తుంది. మణికట్టుకు గుడిలో కట్టించుకున్న ఎర్రదారం, కడియం, ఉంగరం, మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా, అన్నిటికీ ఇదే మాట. దారం తీయడానికి మనసొప్పకపోతే మోచేతి పైకి జరిపి కట్టుకోండి. కరెంటు లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతట అదే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగు తప్పనిసరి, వానాకాలంలో రేకుల షెడ్డు నేల తడిగా ఉంటుంది కదా.

5. దుంగల దగ్గర, రాత్రిపూట

లారీ పక్క తలుపు తెరిచేటప్పుడు దాని ముందు ఎవరూ నిలబడకూడదు, ప్రయాణంలో దుంగలు జరిగి తలుపు మీద ఆనుకుని ఉంటాయి. పేర్చిన దుంగల వరుసకు రెండు వైపులా ఆపు చెక్కలు బిగించండి. కింది దుంగను లాగి తీయకండి, పై నుంచే దించండి. దొర్లే దుంగను కాలితో ఆపే అలవాటు మానాలి. నడుము నొప్పులు ఎక్కువగా ఈ పనిలోవే, ఇద్దరు ఎత్తాల్సినదాన్ని ఒక్కడు ఎత్తడం ఎప్పుడూ మొనగాడితనం కాదు.

2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడ తుక్కు గోదాములో మంటలు లేచి, పైన నిద్రపోతున్న బిహార్ కార్మికులు 11 మంది చనిపోయారు. కట్టె షెడ్లలో కూడా వలస పనివాళ్లు పొట్టు, థిన్నర్ డబ్బాల మధ్యనే పడుకుంటారు. పడుకునే చోటు వేరుగా ఉండాలి. అది కుదిరేదాకా బయటి నుంచి తాళం వేయకండి, రెండో దారి ఉంచండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయండి, లేదా నీళ్లున్న మూత డబ్బాలో వేయండి.

6. పొట్టు: కంటికి కనిపించనిదే ప్రమాదం

నేల మీద పడే ముతక పొట్టు పెద్దగా హాని చేయదు. సాండర్ (నునుపు చేసే మిషన్), రౌటర్ (గాడులు తీసే మిషన్), ఎమరీ కాగితం లేపే మెత్తటి ధూళి ఊపిరితిత్తుల దాకా పోతుంది. కట్టె ధూళి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో మొదటి వర్గంలో చేర్చింది. 1960లలో ఇంగ్లండులోని హై వైకోంబ్ ప్రాంతపు కుర్చీల కార్మికులలో ముక్కు లోపలి అరుదైన క్యాన్సర్ అసాధారణంగా కనిపించడంతో ఈ సంగతి వెలుగులోకి వచ్చింది. బ్రిటన్‌లో ఇప్పుడు గట్టి కట్టె ధూళికి ఘనపు మీటరు గాలిలో 3 మిల్లీగ్రాముల పరిమితి ఉంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ (కట్టె నారను జిగురుతో అదిమి చేసిన పలక) జిగుళ్లలో ఉండే ఫార్మాల్డిహైడ్‌ను కూడా అదే సంస్థ మొదటి వర్గంలోనే పెట్టింది. ఇవి దశాబ్దాల తర్వాత వచ్చే జబ్బులు. ఒక పక్క ముక్కే ఎప్పుడూ మూసుకుపోవడం, అదే పక్క నుంచి నెత్తురు చార రావడం కనిపిస్తే జలుబు అనుకోకుండా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించి, కట్టె పని ఎన్నేళ్లు చేశారో చెప్పండి.

దానికన్నా ముందే వచ్చేది ఉబ్బసం. గుర్తు సులువు: పని రోజుల్లో సాయంత్రానికి దగ్గు, పిల్లికూతలు, ఆదివారం, పండగ సెలవుల్లో తేలిక, సోమవారం మళ్లీ మొదలు. టేకు, రోజ్‌వుడ్ ధూళి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, చాలామందికి ముంజేతులు, కనురెప్పల దగ్గర.

చేయాల్సినవి పెద్ద ఖర్చువి కావు. సాండర్‌కు గొట్టం బిగించి వాక్యూమ్‌కు కలపండి, ధూళి పుట్టిన చోటే పట్టాలి. సాయంత్రం బ్లోయర్‌తో బట్టల మీది పొట్టు ఊదుకోవడం ఆపండి, పగలంతా నేలన పడ్డది మళ్లీ గాలిలోకి లేచి ముక్కులోకే వస్తుంది. నేలను తడిపి ఊడవండి. చేతిరుమాలు, సర్జికల్ మాస్కు ఈ ధూళిని ఆపలేవు. ఐఎస్ 9473 గుర్తున్న ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు కొనండి, ముక్కు దగ్గర పట్టీ నొక్కి బిగించండి. గుబురు గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది.

7. పాలిష్, జిగురు

ఇక్కడ ఆ మాస్కు పనిచేయదు. ధూళిని ఆపే మాస్కులోంచి థిన్నర్ ఆవిరి నేరుగా వెళ్లిపోతుంది, దానికి బొగ్గు కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. పీయూ (పాలీయూరిథేన్) పాలిష్‌ గట్టిపడడానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఒకసారి శరీరానికి వాటి అలర్జీ పట్టుకుంటే, ఆ తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఉబ్బసం ఎగదన్నుతుంది. అలాంటి పనివాడు ఆ పని మానేయడం తప్ప వేరే మందు లేదు. కిటికీలన్నీ మూసి ఏసీ గదిలో పీయూ కొట్టమని అడిగే ఇంటి యజమానులకు ఈ ముక్క చదివి వినిపించండి. చేతులకు అంటిన మరకలను థిన్నర్‌తో కడుక్కోవడం కూడా మానాలి, చర్మం లోంచి కూడా లోపలికి వెళ్తుంది.

8. చెవి

సామిల్లులో రంపం చప్పుడు తరచుగా 100 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. మన కార్ఖానా నిబంధనల్లో రోజుకు 8 గంటలకు 90, 100 దగ్గరైతే 2 గంటలే. మీటరు దూరంలో ఉన్నవాడితో అరిచి మాట్లాడాల్సి వస్తే పరిమితి దాటిందన్నమాట. దూది చప్పుడును పెద్దగా ఆపదు. ఫోమ్ ప్లగ్గును సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి, లోపల పెట్టి ఉబ్బేదాకా వేలితో ఆపాలి. సగం బయట వేలాడుతున్న ప్లగ్గు ఉన్నా లేనట్టే. చప్పుడు వినపడకుండా ఇయర్‌ఫోన్లలో పాటలు పెంచుకోవడం చెవికి రెండో దెబ్బ.

9. జబ్బుకు ఆధారం కూడబెట్టుకోవడం

చప్పుడు వల్ల వచ్చే వినికిడి లోపం, పనిచోటి పదార్థాల వల్ల వచ్చే ఉబ్బసం చట్టం గుర్తించిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. వాటికీ పరిహారం అడగవచ్చు. కానీ అడిగేవాళ్లు చాలా అరుదు. కారణం బద్ధకం కాదు, చేతిలో కాగితం లేకపోవడం.

పనిలో చేరిన మొదటి ఏడాదిలోనే చెవి పరీక్ష చేయించుకోండి. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రిలో ఆడియోమెట్రీ చేస్తారు. ముందు రోజు సాయంత్రం నుంచి చప్పుడుకు దూరంగా ఉండి పొద్దున్నే వెళ్లండి. చప్పుడు వల్ల వచ్చిన చెవుడు మొదట పరీక్ష గీతలో 4,000 హెర్ట్జ్ (హెచ్చు శ్రుతి శబ్దం) దగ్గర గుంటలా కనిపిస్తుంది, ముసలితనపు చెవుడు అలా ఉండదు. మొదటి పరీక్ష కాగితం ఉంటేనే తర్వాతి పరీక్షలో ఎంత పోయిందో తేలుతుంది. ఏడాదికోసారి చేయించి అన్నీ ఒకే కవరులో పెట్టండి.

ఊపిరికి స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం చూసే పరీక్ష) చేయించండి, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి ఉంది. ఉబ్బసం అనుమానం ఉంటే మందుల దుకాణంలో పీక్‌ఫ్లో మీటరు అనే చిన్న గొట్టం కొని, రోజుకు నాలుగుసార్లు ఊది, అంకె రాయండి. నిద్ర లేవగానే, మధ్యాహ్నం, పని దిగాక, పడుకునే ముందు. సెలవు రోజులు కూడా కలిసేలా నాలుగు వారాలు రాయాలి. పని రోజుల్లో అంకె పడిపోయి సెలవుల్లో లేస్తుంటే ఆ కాగితాన్ని మించిన సాక్షి డాక్టరుకు దొరకదు.

చివరిది, ఎక్కడెక్కడ పనిచేశారో రాసుకునే పుస్తకం. చాలామంది వడ్రంగులకు నియామక పత్రం ఉండదు, ఏడాదిలో అయిదారు చోట్ల పని. ఒక చిన్న నోటుబుక్కులో పని మొదలైన తేదీ, ముగిసిన తేదీ, చోటు, మేస్త్రి పేరు, యజమాని పేరు, ఏ మిషన్, ఏ కట్టె, పాలిష్ కొట్టారా లేదా అన్నది రాయండి. కూలీ ఫోన్‌పే ద్వారా వచ్చేలా చూసుకోండి, నగదు తీసుకుంటే రుజువు మిగలదు. షెడ్డు బోర్డు కనిపించేలా ఒక ఫోటో తీసి ఫోనులోనే కాక ఇంట్లోవాళ్ల ఫోనుకు కూడా పంపండి. పుస్తకం పనిచోట కాదు, ఇంట్లో పెట్టండి.